ఇటుకబట్టీ దగ్గర ఆగిన నడక

భిలాయి క్యాంప్ 2 బస్తీలో ఉండే త్రినాథరావు ఆ ఏడు దసరా నవరాత్రుల్లో డోంగర్‌గఢ్ అమ్మవారి కొండకి ఒంటరిగా నడిచాడు. ఆ ఊరి నుంచి వెళ్లేవాళ్లంతా జెండాలు పట్టుకుని గుంపులుగా నడుస్తారు. దారి పొడవునా పందిళ్లు వేసి అన్నం పెడతారు. త్రినాథరావు ఒక్క పందిట్లోనూ కాలు పెట్టలేదు. అక్కడ తెలుగువాళ్లెవరో ఒకరు కనబడి, తనతో పనిచేసిన చినబాబు ఎలా ఉన్నాడని అడుగుతారు. ఆ ప్రశ్నంటేనే అతనికి భయం.

జాముల్ దగ్గర ఒక షెడ్డులో ఇనుపరేకులు కోసే మెషీన్ మీద ఇద్దరూ పదహారేళ్లు పక్కపక్కనే పనిచేశారు. ఫిబ్రవరిలో ఒకరోజు, పని తొందరగా తెమలాలని త్రినాథరావు చేతులు లోపలికి పోకుండా మెషీన్‌కి అడ్డంగా ఉండే ఇనుప జాలీ విప్పేశాడు. మధ్యాహ్నానికి చినబాబు కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. జాలీ ఎవరు తీశారని మేనేజరు అడిగితే, "వాడే తీసుకున్నాడు సార్" అన్నాడు త్రినాథరావు. తప్పు చినబాబుదేనని రాసుకుని అతన్ని పనిలోంచి తీసేశారు. త్రినాథరావు ఆసుపత్రికి కూడా వెళ్లలేదు.

మొక్కు ఉందని భార్య రజనీకుమారికి చెప్పి బయలుదేరాడు. తెల్లవారకముందే లేచి, పెద్ద రోడ్డు వదిలేసి, పొలం గట్ల మీద నడిచేవాడు. ఎండెక్కితే కాలువ వంతెన కింద పడుకునేవాడు. తిండికి అటుకులు, వేయించిన శనగలు. పొగ చూసి ఎవరైనా వస్తారని టీ కూడా కాచుకోలేదు. శివనాథ్ నది ఒడ్డున తుప్పల వెనక ప్లాస్టిక్ పట్టా పరుచుకుంటే, ఆవులు కాసే ముసలాయన చూసి, "ఎందుకయ్యా దాక్కున్నావు?" అని ఛత్తీస్‌గఢీలో అడిగాడు. కాళ్లు బొబ్బలెక్కాయని అబద్ధం చెప్పి, పట్టా చుట్టబెట్టి లేచి వెళ్లిపోయాడు.

రెండో రోజు సాయంత్రం సోమ్నీ దాటి, మూతబడిన ఇటుకబట్టీ దగ్గరికి చేరాడు. అంతకుముందు ఏటా చినబాబుతో కలిసి నడిచినప్పుడు, గుంపుల గోల లేకుండా ఇద్దరూ అక్కడే పడుకునేవారు. వేళ్లు పోయినవాడు ఈసారి రాడనుకున్నాడు. లోపలికి వెళ్లేసరికి చినబాబు ఉన్నాడు. కుడిచేతికి తువ్వాలు చుట్టుకుని, పట్టా తాడు పళ్లతో పట్టి ముడి వేస్తున్నాడు.

"నువ్వేటి ఇక్కడ?" అన్నాడు చినబాబు.

"నువ్వు పందిట్లోకి ఎల్లలేదా?"

"ఎల్లి ఏటి సేత్తాను. ముద్ద కలిపితే అందరూ ఈ సెయ్యే సూత్తారు. జాలీ తీసీసి ఏళ్లెట్టిన ఎర్రోడు ఈడే అనుకుంతారు." తాడు బిగించి మళ్లీ అన్నాడు. "నానే తీసేనేటో. ఆరోజుది నాకేటీ గురుతు నేదు బావా."

బావా అన్న పాత పిలుపు విని త్రినాథరావు ఇటుకల మీద కూర్చున్నాడు.

"నువ్వు తియ్యలేదు. నానే తీసేను. నీ మీదెట్టి సెప్పీసేను."

చినబాబు తువ్వాలు విప్పి, ఆ చేతిని తనే కొత్తగా చూసుకున్నట్టు చూసుకున్నాడు.

"ఎనిమిది నెలలు," అన్నాడు. "ఎందుకు తీసేవని మా ఆడది రోజూ తిడతంది. నానూ పడతన్నాను. నాకు సెప్పడం కాదు. ముందు దానికి సెప్పు. ఆ మేనేజరుకి సెప్పు."

పొద్దున్నే చినబాబు కొండవైపు వెళ్లాడు. త్రినాథరావు వెనక్కి తిరిగి, పెద్ద రోడ్డు మీదే, ప్రతి పందిరి ముందునుంచీ నడిచాడు. "కొండ అటుంటే ఉల్టా పోతున్నావేం భయ్యా?" అని అడిగినవాళ్లకి దండం పెట్టి ముందుకి సాగాడు.

చినబాబు భార్య పోలమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది. తలుపు వేసేసింది. షెడ్డులో త్రినాథరావు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. అతని పని పోయింది. చినబాబుని మళ్లీ తీసుకుని సామాను గది చూసే పని ఇచ్చారు.

రజనీకుమారి నాలుగు రోజులు మాట్లాడకుండా అన్నం పెట్టింది. అయిదో రోజు, "పోలమ్మకి నా మొకం ఎలా సూపించను?" అని మాత్రం అంది.

ఇప్పుడు అతను లారీల్లో సిమెంటు బస్తాలు ఎక్కిస్తున్నాడు. బజారులో చినబాబు కనబడితే పక్క సందులోకి తప్పుకుంటాడు. ఒకసారి తప్పుకోవడానికి సందు లేకపోయింది.

"బాగున్నావా?" అని అడిగాడు చినబాబు.

త్రినాథరావు తల ఊపాడు. తల వంచుకునే అతన్ని దాటి నడిచాడు.