జనరల్ మాఫీ అడిగిన సంగతి

జిరాక్స్ మిషన్‌లోంచి అప్పుడే వచ్చిన వేడి కాగితం వాసన తగిలితే చాలు, ఇప్పటికీ నాకు ఎక్కడలేని హుషారు పుడుతుంది. తొంభైల నాటి ఒక శనివారం గుర్తొస్తుంది. మర్నాడే సర్కారు ఉద్యోగాల పరీక్ష. నేను యాదగిరి సార్ స్కూటర్ వెనక కూర్చుని హాస్టళ్లన్నీ తిరిగిన రోజది.

సార్ అశోక్‌నగర్ కోచింగ్‌లో మాకు చరిత్ర చెప్పేవారు. చెప్పడమా అది! రెండవ ప్రపంచ యుద్ధంలో పేరుమోసిన ఒక అమెరికా జనరల్ పాఠం వచ్చిందంటే డస్టరే ట్యాంకు, బల్లే యుద్ధభూమి. ఊళ్లకు ఊళ్లు గెలుచుకుంటూ పోయిన మొనగాడు, నోటిదురుసుతో పదవి పోగొట్టుకున్నవాడు. ఆసుపత్రిలో భయంతో వణుకుతున్న సైనికుణ్ణి పిరికివాడని తిట్టి చెంప మీద కొట్టాడట. "లోకమంతా తిట్టినా మాఫీ అడగలే. గదీ ఆయన పొగరు!" అన్నారు సార్. మేం రాసుకున్నాం. ఆ నోట్సు జిరాక్సులై నారాయణగూడ దాకా పాకింది.

ఆ శనివారం పొద్దున చిక్కడపల్లి లైబ్రరీలో ఒక లావుపాటి పుస్తకం తిరగేస్తుంటే ఆ జనరల్ సంగతి కనబడింది. పై అధికారి గట్టిగా చెప్పడంతో జనరల్ మాఫీ అడిగాడు! ఒక్కొక్క దళం ముందూ నిలబడి మరీ! ఒక్క పరుగున క్లాసుకు వెళ్లాను. అంతమంది ముందు సార్‌ను తప్పుపడితే ఊరుకుంటారా? అయినా అనేశాను.

"సార్, ఆయన మాఫీ అడిగిండు సార్."

సార్ క్లాసు ఆపి, నాతో లైబ్రరీకి వచ్చి, నిలబడే ఆ పేజీ చదివారు. "అయ్యో, నేనెంత పని చేసిన బిడ్డా! నడువ్, పిల్లలకు చెప్పాలె."

హాస్టళ్లలో గది గదికీ వెళ్లి ఒకటే మాట చెప్పారు: "నేను చెప్పింది తప్పు. జర దిద్దుకోండి." ఒక హాస్టల్ గేటు దగ్గర ఒకతను నవ్వాడు. "ఒక్క బిట్టు కోసం గింత తిరుగుడా సార్? అది వస్తదో రాదో!"

"వస్తే? ఒక్క మార్కుకే నౌకరి పోతది తమ్మీ. నీ నాలుగేండ్ల కష్టం నా నోటితోని పోవాల్నా?"

అతను పెన్ను తీశాడు.

మర్నాడు ఆ ప్రశ్న రానే లేదు. సార్‌తో అంటే, "మంచిదే గద!" అని పకపకా నవ్వారు.

ఇప్పుడు నేను తహసీల్దారును. పోయిన నెల ఓటర్ల జాబితా సవరిస్తూ, బతికున్న ఒక ముసలమ్మ చనిపోయిందన్న కాగితం మీద చూడకుండా సంతకం పెట్టాను. "నేను పోయి చెప్పొస్త మేడం," అన్నాడు క్లర్కు. వద్దన్నాను. నేనే వెళ్లి, వాడకట్టంతా చూస్తుండగా ఆమె వాకిట్లో నిలబడి, "తప్పు నాదే అమ్మా, దిద్దించిన," అన్నాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అయితే ఇగ నేను బతికున్నట్టేనా, బిడ్డా?"