ఒకవైపే అరిగిన రికార్డు

పాత రికార్డులు పోగేసేవాళ్ళంటే జనానికి ఎందుకో గౌరవం. ఎంత ఓపికండీ, ఎంత అభిరుచండీ అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పని చేస్తున్నవాణ్ణి కాబట్టి, మాలో ఉన్నది ఓపిక కాదు, వట్టి కక్కుర్తి అని ధైర్యంగా చెప్పగలను.

నేను పోగేసేది చిన్న రికార్డులు. టిఫిను పళ్ళెమంత ఉంటాయి, ఒక్కోవైపు ఒక్కో పాట. కాప్రాలో మా ఇంట్లో ఒక గది మొత్తం వాటికే ఇచ్చేశాను. మా ఆవిడ ఆ గది ఊడవడం మానేసి చాలా కాలమైంది. చుట్టాలొస్తే ఆ తలుపు దగ్గరగా వేసేస్తుంది.

ఆదివారం పొద్దున కార్ఖానా అనే పేటలో ఒక మిత్రుడి మేడమీద మేం ఐదారుగురం కూడతాం. అక్కడొక కట్టుబాటు ఉంది. తెచ్చిన రికార్డును ఊరికే పెట్టకూడదు. అది ఎవరింట్లో ఉండేది, ఎవరు విన్నారు, ఎందుకు వదులుకున్నారు, ఆ కథంతా చెప్పాకే దానిమీద ప్లేయరు ముల్లు దించాలి. కథ లేని రికార్డు ఎంత అపురూపమైనదైనా సంచీలోంచి బయటికి రాదు. మొదట్లో ఈ పద్ధతి నాకెంతో నచ్చింది. రానురాను పాటలు వినడం తగ్గి కథల పోటీ పెరిగింది. ఒకరు పెళ్ళి కథ తెస్తే ఇంకొకరు చావు కథ తేవాలి. ఉన్న కథకు ఉప్పూకారం అద్దడం అందరం నేర్చుకున్నాం. ఆ సంగతి అందరికీ తెలుసు, పైకి మాత్రం ఎవరూ అనరు.

ఓ మూడేళ్ళ కిందట, పాత సామాను కొనే అతను ఒకరోజు ఫోన్ చేశాడు. “సార్, సీతాఫల్‌మండిల ఒక టీచరమ్మ ఇల్లు ఖాళీ చేస్తున్నది. రికార్డులు సుత ఉన్నయ్. జెర జల్ది రండి, లేకుంటే నేనే తీస్కపోతా.”

పరుగెత్తాను. ఆమెకు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన క్రైస్తవ కుటుంబం. భర్త పోయాడు. కొడుకు కొన్న ఫ్లాటుకు మారిపోవడానికి సామాను సర్దుకుంటోంది. పెట్టెలో భక్తిగీతాల పెద్ద రికార్డులు, వాటి మధ్య కవరు లేని చిన్న సినిమా రికార్డు ఒకటి కనిపించింది.

కిటికీ వెలుతురులో ఏటవాలుగా పట్టుకుని చూశాను. మేం అలాగే చూస్తాం, దానిమీది గీతలు చూస్తే రికార్డు ఎంత తిరిగిందో తెలిసిపోతుంది. ఒకవైపు అరిగి అరిగి బూడిదరంగుకు తిరిగింది. రెండోవైపు ముల్లు తగిలిన గుర్తే లేదు. అలాంటిది నేనెప్పుడూ చూడలేదు. ఎంత ఇష్టమైన పాటైనా, ఒక్కసారైనా తిప్పి రెండోది వినకుండా ఎవరూ ఉండరు.

“ఒకవైపే విన్నారేంటమ్మా?” అన్నాను.

“దాన్ని వదిలేయండి. మిగతావి పట్టుకెళ్ళండి” అంది.

వదిలేయాల్సింది. కానీ నా బుర్రలో అప్పటికే కార్ఖానా మేడ, అక్కడ నోళ్ళు తెరుచుకుని వినే మిత్రులు కదులుతున్నారు. మళ్ళీ వెళ్ళాను. పుస్తకాలు కట్టలు కట్టడంలో సాయపడ్డాను. ఇంకోసారి పండ్లు తీసుకెళ్ళాను. కథ రాబట్టడం మాకు బాగా పట్టుబడ్డ విద్య. నోటితో అడగకూడదు. ఎదురుగా కూర్చుని, మెత్తని గుడ్డతో వాళ్ళ రికార్డును నెమ్మదిగా తుడుస్తూ ఉండాలి. తమ వస్తువును ఒకరు అంత భద్రంగా తుడుస్తుంటే చూసి నోరు కట్టుకోగలిగినవాళ్ళు తక్కువ. నాలుగోసారి ఆమె చెప్పింది.

“మా చెల్లికి పెళ్ళి కాకుండానే కడుపొచ్చిందండీ. మాకు చెప్పేసరికే ఐదో నెల. దాన్ని వెనకగదిలో దాచి, నాకే నెల తప్పిందని వీధిలోనూ చర్చిలోనూ చెప్పుకున్నాం. నాకు కడుపు కనిపించట్లేదు కాబట్టి మూడో నెలని చెప్పాను. నడుముకు గుడ్డలు చుట్టుకుని తిరిగాను. నెలలు నిండి పిల్లాడు పుట్టేసరికి జనం లెక్కలో నాకింకా ఏడో నెలే. ఏడో నెలలో అంత బొద్దు పిల్లాడంటే ఎవరు నమ్ముతారు? నలభై రోజులు వాణ్ణి దాచాం. ఏడ్చినప్పుడల్లా ఏడుపు గోడ దాటకుండా ఆ పాట పెద్దగా పెట్టేవాళ్ళం. ఇంక తిప్పి రెండోవైపు పెట్టే వ్యవధి ఎక్కడిదండీ?”

అలా ఇంకాసేపు చెప్పింది. ఆ గదిలో అక్కాచెల్లెళ్ళూ పిల్లాడూ ఎలా మసిలేవారో, ఎవరేం చేసేవారో అన్నీ చెప్పింది. పిల్లాడికి ఏడాది నిండకముందే చెల్లెలు జ్వరంతో పోయింది. “వాడు నా కొడుకేనండీ. వాడికీ సంగతి తెలియదు. ఇన్నేళ్ళలో మీకొక్కరికే చెప్పాను. ఎందుకు చెప్పానో మరి” అంది.

“నా కడుపులోనే ఉంటుందమ్మా” అన్నాను. ఆమె ఆ రికార్డు నా చేతిలో పెట్టింది.

ఏడాది పాటు నిజంగానే దాచాను. దాచడం అంత కష్టమని అప్పటిదాకా నాకు తెలియదు. ఒక ఆదివారం ఎవరో ఒక సాదాసీదా కథ చెబితే అందరూ ఆహా ఓహో అన్నారు. నాకు ఉక్రోషం వచ్చింది. పేర్లు చెప్పను కదా, ఏం కొంప మునుగుతుందని చెప్పేశాను. ముల్లు దించాక, ఆ అరిగిన పాట గరగరమంటుంటే ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు. జీవితంలో నాకు అంత గొప్పగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం అదే.

తరవాత కొత్తగా ఎవరు చేరినా, పాతవాళ్ళు “అన్నా, ఆ టీచరమ్మ ముచ్చట చెప్పరాదే” అనేవారు. చెప్పేవాణ్ణి. పేర్లు తప్ప, సీతాఫల్‌మండి అని కూడా అనేసేవాణ్ణి. ఒకసారి చెల్లెలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని గదిలో తిరిగేది, అక్క పాట పెట్టేది. ఇంకోసారి చెల్లెలే పాట పెట్టి పక్కనే కూర్చుని తనూ పాడేది. వినేవాళ్ళ మొహాలు చూసి నా నోరు దానంతటదే నడిచేది. ఒకాయన రెండుమూడుసార్లు సెల్‌ఫోనులో తీసి నెట్‌లో పెట్టాడు. వద్దనలేదు సరికదా, ఎంతమంది చూశారో రోజూ చూసుకున్నాను.

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం మా ఇంటికి ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, నెరిసిన మీసం, చేతిలో హెల్మెట్.

“సీతాఫల్‌మండి టీచరమ్మ కొడుకును సార్. మా ఆఫీసుల ఒకాయన మీ వీడియో పంపిండు. గిది మీ గల్లీ ముచ్చట లెక్కున్నది, చూడమన్నడు.”

కూర్చోమంటే కూర్చోలేదు. తిట్టడానికి వచ్చాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“అమ్మను అడిగిన సార్. ఒక్క ముక్క చెప్తలేదు. అన్నం సుత సరిగ తింటలేదు. మస్తు బతిమాలితే ఒక్కటే మాట అన్నది. ఒకసారి చెప్పిన, ఇగ నా తోని కాదు, పోయి ఆయన్నే అడుగుమన్నది. అందుకే వచ్చిన.”

రికార్డు తెచ్చి అతని చేతిలో పెట్టబోయాను. అటు చూడను కూడా చూడలేదు.

“పాట నాకేం జేస్కోను సార్? ఒక్క మాట చెప్పండి చాలు. పాట పెట్టినప్పుడు నేను ఎవరి చేతుల్ల ఉన్న? ఒక వీడియోల ఆ చెల్లెలు ఎత్తుకొని తిరిగిందన్నరు. ఇంకో దాంట్ల ఆమె పాట పెట్టిందన్నరు. ఆమె ఫోటో సుత లేదు మా ఇంట్ల. కన్నతల్లి నన్ను ఎత్తుకున్నదా లేదా, అది తెల్వాలె నాకు.”

కళ్ళు మూసుకుని ఆ రోజును గుర్తు చేసుకున్నాను. కిటికీ, కట్టలు కట్టిన పుస్తకాలు, నా చేతిలో గుడ్డ, అన్నీ కళ్ళముందుకు వచ్చాయి. టీచరమ్మ పెదవులు కదులుతున్నాయి. వినబడుతున్నది మాత్రం నా గొంతే. ఆదివారాలు నేను చెప్పిన మాటలే, నేను ఆగే చోట ఆగుతూ, నేను పెంచే చోట పెంచుతూ. వాటి అడుగున ఆమె చెప్పింది ఏదో ఉంది. ఎంత వెతికినా చేతికి అందలేదు.

ఎత్తుకుంది బాబూ అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. అదీ ఇంకో ఆదివారం మాటే అవుతుందని ఆగిపోయాను.

“నాకు తెలియదు” అన్నాను.

“అమ్మ మీకు చెప్పలేదా సార్?”

“చెప్పింది” అన్నాను. “ఆ రోజు నాకు తెలుసు. తరవాత నేనే, చెప్పీ చెప్పీ పోగొట్టాను.”