వరదకు కొట్టుకొచ్చిన గడప

దయ్యాలూ గాలీ ధూళీ అంటే నేను ఏనాడూ నమ్మలేదు. మా నాయన చెనక్కాయల చేను శ్మశానం పక్కనే ఉండేది. కాపలాకు పోయిన ఆయనకు సంగటి తీసుకుపోయేది నేనే. ఆయన తినేదాకా సమాధి గట్టు మీద కూర్చుని కాయలు ఒలుచుకుని తినేదాన్ని. ఎవరైనా దయ్యం కథ మొదలుపెడితే మధ్యలో నవ్వేసి తిట్లు తినేదాన్ని.

ఐదో తరగతితో బడి మానేశాను. కానీ చూసింది చూసినట్టు గుర్తుంటుంది నాకు. అందుకని ఇందులో కల్పించి చెప్పేది ఏమీ లేదు. నేను చూసింది, మా అత్త చూసింది, అంతే.

మాది ఏర్పేడుకు కొంచెం లోపలగా వాగు పక్కనున్న చిన్న పల్లె. నేను అక్కడికి కోడలిగా వచ్చాను. మా పుట్టింట్లో దేవుళ్లకు మొక్కుతారు. అత్తగారిది ప్రార్థనకు పోయే ఇల్లు. రెండు ఇళ్లూ దగ్గరి చుట్టాలే, మాలో ఇది మామూలే. పెళ్లికి ముందు నాకు బాప్తిస్మం ఇచ్చారు. బొట్టు మానేశాను. శుక్రవారం గడప కడిగి పసుపు పూయడం మానేశాను. కష్టంగా లేదా అని ఎవరైనా అడిగితే, అందులో ఏముంది, ఒక పని తగ్గింది అనేదాన్ని. మా అత్త రత్నమ్మకు ఆ మాట ఎంతో నచ్చేది. చర్చిలో నలుగురికీ చెప్పి మురిసిపోయేది.

ఆ ఏడు కార్తీకంలో తుపాను వచ్చింది. వాన విడవకుండా కురిసింది. పైన చెరువు కట్ట తెగిందని ఎవరో కేకలు వేస్తూ వస్తే పిల్లల్నీ మేకల్నీ పట్టుకుని మిట్ట మీది బడికి పరిగెత్తాం. మనుషులం అందరం మిగిలాం. నీళ్లు తీశాక వచ్చి చూసుకుంటే మట్టిగోడల ఇల్లు ఒక్కటీ లేదు. మా ఇంట్లో నిలిచి ఉన్నది పొయ్యి గట్టు మాత్రమే.

తర్వాత చాలా రోజులు బడి వరండాలో ఊరంతటికీ ఒకటే వంట. మగవాళ్లు గోడలు ఎత్తేవాళ్లు, ఆడవాళ్లం ఒండ్రుమట్టి తట్టలకెత్తి బయట పోసేవాళ్లం. వరద తెచ్చిన సామాను కంపచెట్లలో చిక్కుకుని ఉండేది. బిందెలు, మంచాలు, ఎవరిదో పెళ్లి ఫోటో. దొరికిందల్లా తెచ్చి బడి గోడకు ఆనించి పెట్టేవాళ్లు. పై ఊళ్ల వాళ్లు వచ్చి తమది పోల్చుకుని తీసుకుపోయేవాళ్లు. మా రాగి బిందె కూడా అట్లాగే కింద ఊర్లో దొరికింది.

అన్నీ పోగా ఒక వేపమాను ద్వారబంధం మిగిలిపోయింది. మంచి కట్టె. గడప ఎడమ కొసన గొడ్డలి దిగినట్టు ఒక నొక్కు తప్ప వేరే దెబ్బ లేదు. ఎంత చూసినా ఎవరూ రాలేదు. మా ఇంటి గోడలు లేచి వాకిలి నిలబెట్టాల్సిన పని వచ్చింది, మా పాత చట్రం రెండుగా చీలిపోయి ఉంది. మేస్త్రి మా ఆయనతో, "వరదే నీకు వాకిలి పంపించింది. ఇల్లు మటుకు నువ్వు కట్టుకోమనింది" అని నవ్వాడు. ఎవరైనా వచ్చి అడిగితే తీసి ఇచ్చేద్దాం అని మా అత్త అంది. ఊరందరికీ అది తెలుసు. దొంగతనంగా పెట్టుకున్నది కాదు.

పైకప్పు రేకులు వేసుకుని ఇంట్లో చేరాం. తలుపు రెక్క ఇంకా రాలేదు, దుప్పటి కట్టుకున్నాం.

చేరిన తర్వాత మొదటి శుక్రవారం. వాకిలి చిమ్మడానికి లేచి దుప్పటి పక్కకు తీశాను. గడప పచ్చగా ఉంది. పసుపు ఇంకా తడిగా ఉంది, వాసన వస్తోంది. మీద వరసగా కుంకుమ బొట్లు. బొట్టుకూ బొట్టుకూ నడుమ సన్నగా బియ్యప్పిండి గీత. ఎడమ కొసన ఆ నొక్కు మీద మాత్రం పసుపు పడలేదు. దాని చుట్టూ జాగ్రత్తగా తప్పించి పూసినట్టుంది.

మా ముంగిట అంతా కొత్త ఒండ్రు. కోడి నడిచినా అచ్చు పడుతుంది. దాని మీద ఒక్క అడుగు లేదు. ఇంట్లో ఉన్నది సాయంగా ఇచ్చిన ఒక్క పసుపు పొట్లం, అది మా అత్త పెట్టెలో ఉంది. ఇవన్నీ నేను తర్వాత ఆలోచించుకున్నవి. అప్పుడు నేను చేసింది వేరే.

అప్పుడు నేను ఊరికే నిలబడి చూశాను. ఊరంతా బురద, గోడలన్నీ సిమెంటు రంగు, మేం కట్టుకున్నవి ఎవరో ఇచ్చిన పాత చీరలు. ఇన్ని రోజుల తర్వాత నా కంటికి ఇంటిలాంటిది ఒకటి కనిపించింది. నాకు సంతోషం వేసింది. ఆ సంతోషం సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. తర్వాత భయమేసి, మా అత్త లేచేలోగా నీళ్లు పోసి కడిగేశాను.

రెండో శుక్రవారం మళ్లీ అట్లాగే ఉంది. వంగి కడుగుతుంటే వెనక నుంచి మా అత్త చూసింది. చెంబు చూసింది, నేల మీద పారుతున్న పచ్చ నీళ్లు చూసింది. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

మూడో శుక్రవారం మా కొత్త ఇంటికి ప్రార్థన పెట్టుకున్నాం. నేను చీకటితోనే లేచి గడప తడిమి చూశాను. ఏమీ లేదు. హమ్మయ్య అనుకున్నాను. హమ్మయ్య అనుకుంటూనే ఏదో పోగొట్టుకున్నట్టు కూడా అనిపించింది. సిగ్గుపడి వంటలోకి పోయాను.

పొద్దెక్కాక అందరూ వచ్చారు. ముంగిట టార్పాలిన్ కింద చాపల మీద కూర్చుని పాట పాడుతున్నారు. చర్చి అయ్యగారు ఆ చివర నిలబడి కళ్లు మూసుకుని పాడిస్తున్నారు, ఆయన వైపు తిరిగిన అందరి వీపులూ వాకిటి వైపే. నేను ఇంటి వెనక పప్పు కలుపుతున్నాను. పాట అయిపోయి, ఇంట్లో ప్రార్థన చేయడానికి అయ్యగారు లేచి వచ్చారని తెలిసి, నీళ్ల చెంబుతో లోపలి నుంచి వాకిటికి వచ్చాను.

అయ్యగారు గడప దాటబోయి ఎత్తిన కాలు అట్లాగే ఆపారు. గడప పచ్చగా ఉంది. బొట్లు, గీతలు, నొక్కు దగ్గర ఖాళీ, అన్నీ అట్లాగే.

పక్కింటి మరియమ్మ చాప మీద నుంచే, "పుట్టింటి బుద్ధి యాడికి పోతాది లే" అంది.

మా అత్త నా దగ్గరికి వచ్చింది. "ఏమే, సేతులు సాపు" అంది.

చాపాను. పప్పులో పసుపు వేసి అప్పుడే వచ్చాను, వేళ్ల సందుల్లో పచ్చగా ఉంది. ఆమె అందరి ముందూ వంగి నా చేతులు వాసన చూసింది. లేచి నా ముఖం చూసింది. "నా పరువంతా ఆ గడప మింద పూసిపెట్టినావు గదే" అంది.

నేను కాదు అనాలి. పప్పు చేసిన చేతులు అనాలి. మొదటి శుక్రవారం నాకు కలిగిన సంతోషం ఆమె ఆ చేతుల్లో వాసన పట్టేసిందేమో అనిపించింది. తల వంచుకున్నాను. తల వంచుకుంటే ఒప్పుకున్నట్టే కదా, అందరూ అట్లాగే అనుకున్నారు.

మనసు కుదుటపడేదాకా పుట్టింట్లో ఉండి రమ్మంది మా అత్త. కుదుటపడ్డాక ఎవరు పిలుస్తారో, పిలుస్తారో లేదో చెప్పలేదు. మా ఆయన ఏర్పేడులో ఆటో తోలుతాడు. అదే ఆటోలో నన్ను దించాడు. దోవంతా కలిపి ఒక్క మాట అడిగాడు. "నువ్వేనా?" కాదన్నాను.

పుట్టింట్లో నాకే నా మీద అనుమానం పట్టుకుంది. నిద్రలో లేచి నేనే పూస్తున్నానేమో. నా చేతులకు ఆ పని చిన్నప్పటి నుంచి అలవాటే కదా. రాత్రి నేను లేస్తే పట్టుకోమని మా అమ్మకు చెప్పాను. శుక్రవారం లేస్తూనే నా చేతులు నేనే వాసన చూసుకున్నాను. మా అమ్మ అది చూసి కళ్లు తుడుచుకుంది.

ఆ సాయంత్రమే మా ఆయన వచ్చాడు. పొద్దున ఏం జరిగిందో అతను చెప్పాడు. మా అత్త తెల్లారకముందే మంచం తెచ్చి గడప ఎదురుగా వేసుకుని కూర్చుందట. రెప్ప వేయకుండా చూస్తూ ఉందట. తెల్లారాక మేక తాడు తెంపుకుంటే అటు తిరిగి ఒక కేక వేసి ఇటు తిరిగింది. గడప పచ్చగా తడిగా ఉంది. ఆమె చాలాసేపు మంచం దిగలేదట. తర్వాత మా ఆయనతో అన్నది ఒక్క మాటే, "దాన్ని రమ్మను."

నేను పోయేసరికి నా ముఖం చూడలేదు. అన్నం మాత్రం పెట్టింది.

మర్నాటి నుంచి మా అత్త వాగు వెంబడి పై ఊళ్లకు నడవడం మొదలుపెట్టింది. నొక్కున్న ద్వారబంధం ఎవరిదని అడగలేదు. గడప మీద బొట్టుకూ బొట్టుకూ నడుమ బియ్యప్పిండి గీత గీసే మనిషి ఎవరని అడిగింది. ఒక ఊర్లో రాళ్లు మోస్తున్న ఆడవాళ్లు వెంటనే చెప్పారు, చెంగమ్మ అని. ఆమె బతికే ఉంది. వరదలో గోడ మీద పడి కాలు విరిగింది. తిరుపతిలో చెల్లెలి దగ్గర ఉంది.

ఇద్దరం బస్సెక్కి పోయాం. చెల్లెలు ఒక లాడ్జిలో గదులు ఊడ్చే పని చేస్తుంది. లాడ్జి వెనక చిన్న గది. చెంగమ్మ మా అత్త వయసు మనిషి, కాలికి కట్టుతో మంచం మీద ఉంది. తుపానుకు దెబ్బతిన్న ఊరి నుంచే వచ్చామంటే సంతోషంగా మాట్లాడింది. ఊరి సంగతులు అడిగింది. ద్వారబంధం మాట మేం ఎత్తలేదు. పొద్దెట్లా పోతుందని మా అత్త అడిగింది.

"ఏముందక్కా, పనీ లేదు పాటా లేదు" అంది. "శుక్రవారం మటుకు లేస్తానే కండ్లు మూసుకోని మా గడప కడుక్కుంటా. పసుపు పూస్తా, బొట్లు పెడతా, నడాన గీత గీస్తా. అంతా మనసులోనేలే. అది అయినాకనే కాఫీ. మా సెల్లి నవ్వతా ఉంటాది."

మా అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఒక్క వారం మటుకు తెల్లారకముందే ఆస్పత్రికి తీసుకుపోయినారు కట్టు మార్చేదానికి. తిరిగొచ్చేసరికి పొద్దెక్కింది. ఆ పొద్దు అంత ఆలస్యంగా సేసుకున్నా."

ఏ శుక్రవారం అని మేం అడగలేదు. మా ఇద్దరికీ తెలుసు.

"నొక్కు కాడ పుయ్యవా?" అంది మా అత్త. ఆమె గొంతు నాకే సరిగా వినపడలేదు.

చెంగమ్మ ముఖం మారిపోయింది. "మా ఆయన మాను సెక్కతా ఉంటే గొడ్డలి జారిన సోటది. ఆయన సేతి గుర్తని దాని మింద పసుపు పడనీను. నీకెట్లా తెలుసక్కా?"

నేనే జవాబు చెప్పాను, "మీ వాకిలి మా ఇంట్లో ఉండాదమ్మా" అని.

"ఉండాదా" అంది. "సముద్రంలో కలిసిపోయింటాది అనుకుంటి." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొత్త గోడ పగలగొట్టి ద్వారబంధం తీయించాం. మేస్త్రి గొణుగుతూనే తీశాడు. ఆమె ఊర్లో ఆమెకు కడుతున్న ఇంటికి ట్రాక్టర్లో చేర్చాం. వాకిలి నిలబెట్టిన రోజు చెంగమ్మను తిరుపతి నుంచి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. ఆమె వంగలేదు. పసుపు గిన్నె నా వైపు చాపి, "నువ్వు పుయ్యమ్మా" అంది.

నేను మా అత్త వైపు చూశాను. మా పల్లె నుంచి సాయానికి వచ్చిన వాళ్లందరూ ఉన్నారు, మరియమ్మ కూడా ఉంది.

"పుయ్యి" అంది మా అత్త. "ఆమె వంగలేదు గదా." అంటూ వెనక్కి తిరిగి నిలబడింది.

పూశాను. నొక్కు దగ్గర తప్పించాను. చేతులకు ఏదీ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఇప్పుడు మా ఇంటికి ఇనుప చట్రం. మళ్లీ ఏ శుక్రవారమూ దాని మీద ఏమీ కనిపించలేదు. తడిసిన పాత కట్టెలోంచి ఊరిన రంగు అది అంటాడు మా ఆయన. మరి బొట్లు ఎక్కడివంటే మాట మారుస్తాడు. అయ్యగారు ప్రార్థన చేద్దాం అన్నారు, అంతకు మించి చెప్పలేదు. ఒక మనిషి తిరుపతిలో మంచం మీద కళ్లు మూసుకుంటే ఏర్పేడు దగ్గర గడప ఎట్లా పచ్చబడుతుందో నాకు ఇప్పటికీ తెలీదు. దయ్యాల్ని నేను ఇప్పటికీ నమ్మను. చెంగమ్మ దయ్యం కాదు, మొన్న వచ్చి మా ఇంట్లో కాఫీ తాగి పోయింది.

మా అత్త నన్ను మళ్లీ ఏనాడూ ఒక మాట అనలేదు. ఆ రోజు సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కానీ పప్పులో పసుపు వేసి నేను బయటికి వస్తే, ఆమె కనిపించగానే నా చేతులు వాటంతట అవే కొంగులోకి పోయి తుడుచుకుంటాయి. అది చూసి ఆమె తల పక్కకు తిప్పుకుంటుంది. రోజూ ఇదే. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర.