సముద్రానికి వంక పెట్టిన సుంకప్ప

దేనికో ఒకదానికి వంక పెట్టనిదే సుంకప్పకు పొద్దు గడవదు. పెళ్లికి పోతే పప్పులో ఉప్పు తక్కువంటాడు. లేపాక్షికి పోతే నంది కొంచెం పక్కకు తిరిగి ఉంటే బాగుండేదంటాడు. మా ఊరు బెళుగుప్పలో అలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. కానీ వాళ్లెవరూ ఏటా జనాన్ని పోగుచేసి సముద్రం చూపించడానికి తీసుకుపోరు.

సుంకప్ప ఒంటిమనిషి. భార్య పోయింది, పిల్లలు లేరు. ఏడాది పొడవునా అరుగు మీద ఒక్కడే కూర్చుని, వినేవాడు లేక, తన బీడీకి తానే వంక పెట్టుకుంటాడు. వేరుశనగ పని అయిపోగానే మనిషిలో చలనం వస్తుంది. ఇంటింటికీ తిరుగుతాడు.

"రాండప్పా, సముద్రం చూసొద్దాం. ఏం పెద్దగా ఉండదులే."

వానలు మొహం చాటేసిన పందొమ్మిది వందల అరవై అయిదులో నేనూ వెళ్లాను. ఆ ఏడు పీకడానికి కాయే లేదు. కనీసం గంగమ్మకు మొరపెట్టుకుందామని జనం బయలుదేరారు. గుంతకల్లులో రైలెక్కి, నెల్లూరు సీమలో దిగి, బాడుగ బస్సులో ఒడ్డు వెంబడి పోయాం. ముందుగా పులికాట్ సరస్సు వచ్చింది.

"అవో, రాజహంసలు" అన్నాడు సుంకప్ప. "గులాబీ రంగంటారు గానీ, ఉతికి ఉతికి వెలిసిన రవిక మాదిరి ఉండాయి. కాళ్లు చూడండి, జొన్నదంట్లు! మన చేన్లల్లో బట్టమేక పిట్ట నడిస్తే పెండ్లికొడుకు నడిచినట్లుంటాది. ఇదేం నడకప్పా?"

పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. ఆకాశం అంచు ఎర్రబడింది. బస్సులో అందరూ కిటికీల వైపుకు ఎగబడ్డారు.

"ఇంత గుంపు లేస్తే రవ్వంత దుమ్ము లేయలేదే!" అన్నాడు సుంకప్ప.

దర్జీ పీర్ మహమ్మద్‌కు ఒళ్లు మండింది. "ఏమన్నా, మమ్మల్ని చూడమని పిల్చుకొచ్చినావా, చూడొద్దని పిల్చుకొచ్చినావా?"

"చూడు. మురిసిపోవద్దు, అంతే."

సముద్రం దగ్గర ఎర్రటి ఎండ్రకాయలు ఇసుక మీద పరుగులు తీస్తుంటే, "పక్కకు పోతాండాయి, దోవ తెలీక" అన్నాడు. ఆ మాట ఎవరూ వినలేదు. అందరూ నీళ్లనే చూస్తున్నారు.

మా గుంపులో పెద్దావిడ కదిరమ్మ కొంగున పసుపు కుంకుమ కట్టుకొచ్చింది. చెరువు నిండి, మరువ అనే అలుగు మీదుగా నీళ్లు పొర్లితే, అక్కడ గంగమ్మకు పసుపు కుంకుమ ఇవ్వడం మావైపు ఆచారం.

"సుంకప్పా, దీనికి మరువ యాడుండాది?"

"లేదవ్వా."

"ఇంత నిండినాది, పారకుండా ఎట్లుంటాది? నువ్వు సరిగా చూసుండవు."

మరువ వెతుక్కుంటూ ఒడ్డు వెంబడి బయలుదేరింది. పట్టుకునేసరికి మాకు ఆయాసం వచ్చింది. ఎంత దూరం పోయినా మరువ లేదని తెలిశాక ఆమె ఇసుకలో కూలబడింది.

"నేను రాను. ఇన్ని నీళ్లు ఈడుంటే, ఆ ఎండిన బాయికాడికొచ్చి ఏం జేయాల? మీరు పోండి."

ఎవరూ నవ్వలేదు. ఆమె వెనకే ఇంకొందరు కూర్చున్నారు. పీర్ మహమ్మద్ కూడా చెప్పులు విడిచాడు. ఊరు పేరెత్తితే లేచేలా ఎవరూ లేరు.

సుంకప్ప దోసిట్లో నీళ్లు తెచ్చాడు. "తాగవ్వా."

తాగి, తుపుక్కున ఉమ్మింది. "థూ! ఉప్పు కషాయం!"

"మరి? నోట్లోకి పనికిరాదు, చేనికి పనికిరాదు. మన బాయిలో ఉండేది రెండు బిందెలే అయినా తేనె గదా?"

కదిరమ్మ కొంగుతో నోరు తుడుచుకుని సముద్రం వైపు తిరిగింది. "అయ్యో! ఇన్ని నీళ్లు ముందర పెట్టుకోని ఈ ఊరోళ్లు దప్పికతో చస్తాండారే! మన కష్టమే నయం."

లేచి, పసుపు కుంకుమ అలలో వేసింది. "తల్లీ, వీళ్లకు గూడా ఒక మంచి వాన ఇయ్యి" అని దండం పెట్టి బస్సెక్కింది. మిగతావాళ్లూ ఇసుక దులుపుకున్నారు.

బస్సు హారన్ కొడుతున్నా సుంకప్ప రాలేదు. పిలవడానికి వెళ్లాను. మోకాళ్ల లోతు నీళ్లలో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోవద్దు తల్లీ" అంటున్నాడు. "వయసులో ఒకసారి నిన్ను చూసిపోయినా. ఊర్లో సంగటి ముద్ద గొంతు దిగలా. ఇంట్లో ఆడమనిషితో మాట్లాడబుద్ధి కాలా. నిన్ను చూపించకుండా ఉండలేను, ఆ పిచ్చి మాత్రం వీళ్లకు అంటగూడదు. ఆడనే బతకాల గదా వీళ్లు? అందుకే నోటికొచ్చినట్లు తిట్టినా. నీయంత చక్కంది యాడుండాది?"

వంగి, నీళ్లు తాకి కళ్లకద్దుకున్నాడు. వెనక్కి తిరిగితే నేను.

ఒక్క క్షణం తడబడ్డాడు. వెంటనే పంచె పిండుకుంటూ ముఖం చిట్లించాడు.

"ఇంతసేపు మాట్లాడితే ఒక్కదానికీ బదులు చెప్పలా. మర్యాద తెలీని సముద్రమప్పా. పద, పద."