పోనిరాన్ మళ్ళీ మొదటినుంచి

పోనిరాన్‌తో మాట్లాడేటప్పుడు పక్కకు చూడకూడదు. చూస్తే "ఉన్నారా?" అంటాడు. జవాబు రాకపోతే ఇంకోసారి అడుగుతాడు. అప్పటికీ రాకపోతే, మాట తెగిపోయిందని తీర్మానించుకుని వీధిలోకి వెళ్ళిపోతాడు. వెంటనే మళ్ళీ లోపలికొచ్చి, "అస్సలాము అలైకుమ్. నా పేరు పోనిరాన్. మేకల కరియో కొడుకుని" అని మొదటినుంచి మొదలుపెడతాడు. ఆ ఎదుటిమనిషి వాణ్ణి ఉయ్యాలలో ఊపిన మనిషైనా సరే.

సోతో అనే కోడి పులుసు అమ్మే బండి ముసలమ్మ ఒకసారి నిమ్మకాయ పిండుతూ వాడి మాట వినలేదు. గిన్నె సోతో చేతికొచ్చేలోపు వాడు తనని తాను ఎన్నిసార్లు పరిచయం చేసుకున్నాడో!

"ఒరేయ్, నీ పేరు నాకెందుకురా? కారం వెయ్యాలా వద్దా అది చెప్పు!" అంది ఆవిడ.

వాడి పెళ్ళిలో ఇమాం ఎదుట పెళ్ళికూతురు తుగినెమ్ సిగ్గుతో తల వంచుకుంది. వీడు ఊరుకుంటాడా? "ఉన్నావా?" అన్నాడు. మామగారు సగం లేచాడు. అమ్మా అన్నట్టు నన్ను ‘బూ’ అని పిలుస్తూ తుగినెమ్ ఆ కథ ఇప్పటికీ చెబుతుంది. "వీధిలోకి వెళ్ళి మళ్ళీ వస్తాడేమోనని హడలిపోయి ‘ఉన్నా’ అన్నాను బూ. ఆ ఒక్క మాటకి ఇదిగో, ఇంకా ఉన్నాను."

వాడి పని మా పేటలో ఇంటింటికీ ఇంటర్నెట్ తీగలు లాగడం.

మా ఇల్లు ఏటి గట్టున. మెరాపి అగ్నిపర్వతం మీద వాన పడితే బూడిదా రాళ్ళూ కలిసి వరదై దిగుతాయి. అందుకే మా ఆయన వెనక గోడకి కెమెరా బిగించి, లోపల ఒక పెట్టె పెట్టారు. కింద ఇసుక తవ్వేవాళ్ళు ఫోన్లలో ఏరు చూసుకుని, పొంగితే గట్టెక్కేవారు. నిరుడు ఆయన పోయారు. తర్వాత లైను కంపెనీవాళ్ళు ఏదో మార్చారు, బొమ్మ ఎవరికీ అందలేదు. ఇంట్లో ఆ పెట్టె గుర్రుమనే చప్పుడు మాత్రం మిగిలింది. ఆయన చేత్తో పెట్టింది కదా, దాన్ని ఆపబుద్ధి కాలేదు.

బొమ్మ మళ్ళీ వచ్చేలా చేస్తానని పోనిరాన్ వచ్చి పెట్టె ముందు చతికిలపడ్డాడు.

"బయటివాళ్ళు ఈ ఇంటి తలుపు కొట్టలేరు బూ. లోపలున్న పెట్టే వెళ్ళి జకార్తాలో ఒక మెషిన్ చెయ్యి పట్టుకోవాలి. ఆ చెయ్యి పట్టుకుని జనం లోపలికొస్తారు. దీన్ని ఎస్‌ఎస్‌హెచ్ సొరంగం అంటారు. చెయ్యి జారిందనుకోండి, దానంతటది మళ్ళీ పట్టుకోడానికి ఒక ప్రోగ్రాం పెడుతున్నా."

"అంటే నీలాగన్నమాట," అన్నాను. ఎన్నాళ్ళకో నోరు విప్పాను.

లైను ఒకసారి తెగి మళ్ళీ కలిసింది గాని బొమ్మ రాలేదు. వాడు తల పట్టుకున్నాడు. "చూశారా, పాత లైను చచ్చి కూడా చాప మీదనుంచి లేవడం లేదు! కొత్తది ఎక్కడ కూర్చుంటుంది?" అవతల మెషిన్‌లో ఆ పాతదాన్ని లేపి పంపాడు. చోటు దొరక్కపోతే ఊరికే నిలబడకుండా తిరిగొచ్చి మళ్ళీ అడగమని ప్రోగ్రాంకి నేర్పాడు. తెర మీద ఏరు కనిపించింది.

వెళ్తూ వెళ్తూ, "అయినా ప్రోగ్రాంని నమ్మలేం. రోజూ పొద్దున్నే పెట్టె మీది ఆకుపచ్చ దీపం వెలుగుతోందో లేదో చూసి నాకు చెప్పాలి," అన్నాడు.

మర్నాటినుంచి కంచె అవతల వాళ్ళ పెరట్లోంచి "ఉన్నారా బూ?" మొదలైంది. వాడి తండ్రి పేరుతో సహా వినే ఓపిక లేక, మొదట్లో కిటికీ తెర వెనకనుంచే "ఉన్నా" అనేదాన్ని. కొన్నాళ్ళకి తెర తీశాను. ఇంకొన్నాళ్ళకి కంచె దాకా వెళ్ళాను. కంచె దగ్గర తుగినెమ్ కూడా ఉండేది, వాళ్ళ పిల్లల కబుర్లూ ఉండేవి.

వానాకాలం ముందు పేట సమావేశంలో, మేమంతా గౌరవంగా ‘పాక్’ అని పిలిచే వీధిపెద్ద మర్జుకి అన్నాడు: "పాపం, బూని రోజూ ఇబ్బంది పెట్టడమెందుకు? కెమెరా, పెట్టె గట్టు మీదున్న సభామందిరానికి మార్చేద్దాం."

ఆ చప్పుడు కూడా పోతే ఇంట్లో ఇంకేం ఉంటుంది?

"కుదరదు పాక్," అన్నాడు పోనిరాన్. "దీపం చూసే మనిషి కావాలి."

ఇసుక తవ్వే జుమారి లేచాడు. "మా గుడిసెలోనూ నువ్వే పెట్టావుగా అన్నా ఇలాంటి పెట్టె! ఏడాదిగా నడుస్తోంది. దాన్ని చూసేది బల్లులే!"

అందరూ పోనిరాన్ వంక చూశారు. వాడు మందిరం బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికొచ్చాడు. "అస్సలాము అలైకుమ్. నా పేరు పోనిరాన్..."

చాపలు అదిరేలా నవ్వారు. ఆ నవ్వులో నాకు అర్థమైంది, వాడు ఇన్నాళ్ళూ కంచె దగ్గరనుంచి కనిపెట్టుకుని ఉన్నది దీపాన్ని కాదని. ఆడవాళ్ళ చాప మీదనుంచి లేచాను. సమావేశంలో నేను మాట్లాడటం అదే మొదలు.

"పెట్టె మా ఇంట్లోనే ఉండనివ్వండి పాక్. దానివల్ల నాకేం ఇబ్బంది లేదు."

పాక్ మర్జుకి నన్ను చూశాడు, పోనిరాన్‌ని చూశాడు. "సరే బూ. ఉంచండి," అన్నాడు.

మర్నాడు పొద్దున పోనిరాన్ కంచె దగ్గర తచ్చాడుతున్నాడు. దీపం సాకు పోయింది కదా! కాసేపటికి గొంతు సవరించుకున్నాడు.

"బూ, రాత్రంతా ఆలోచించాను. ఆ పెట్టెకి వానాకాలంలో చెమ్మ పడుతుంది. పక్కన వేడి నూనెలో సోయాగింజల టెంపే బజ్జీలు వేగుతుంటే మంచిదట. తగ్గకుండా, రోజూ."

"అలాగా! ముందే చెప్పొద్దూ?" అని పొయ్యి వెలిగించాను.

పెట్టె చెమ్మ ఏ మాత్రం తగ్గిందో తెలియదు. పోనిరాన్, తుగినెమ్, పిల్లలు కలిసి పళ్ళెం మాత్రం ఖాళీ చేశారు.