డాక్టరమ్మ గారి వానాకాలపు టైర్లు

ఏలూరులో మా వీధి చివర ఈ మధ్య ఒక టైర్ల దుకాణం పెట్టారు. కొత్త సరుకు దిగిన రోజున ఆ రబ్బరు వాసన మా వసారా దాకా వస్తుంది. నిన్న తొలకరి జల్లు పడింది. దుకాణం బయట పేర్చిన టైర్లు తడిసి, ఆ వాసన మట్టి వాసనతో కలిసి ఇంట్లోకి వచ్చేసరికి బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టి కూర్చుండిపోయాను. "తలుపు వేసెయ్యమంటారా అత్తయ్యా, వాసన పడటం లేదా?" అని మా కోడలు అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే డాక్టరు కరుణమ్మ గారి గురించి చెప్పాలి. ఆవిడను చూసినవాళ్ళు ఈ ఊళ్ళో ఇప్పుడు దాదాపుగా ఎవరూ మిగల్లేదు.

పెద్ద యుద్ధానికి కొన్నేళ్ళ ముందు మాట. మాది ముదినేపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. నాన్న పోయాక మేనమామ గారు నన్ను నర్సు చదువుకు పంపారు. వెళతావా అని నన్నెవరూ అడగలేదు. వెళ్ళమన్నారు, వెళ్ళాను. చదువు అయ్యాక ఏలూరులో కరుణమ్మ గారి ఆసుపత్రిలో చేరమన్నారు, చేరాను. ఆసుపత్రి అంటే పెద్దదేమీ కాదు. పెంకుటిల్లు, ముందు గదిలో మందులు, వెనక గదుల్లో పురుళ్ళు. ఆవిడ తండ్రి క్రైస్తవ బడిలో పంతులు. కూతుర్ని మద్రాసు పంపి వైద్యం చదివించారు. నేను చేరేటప్పటికి ఆవిడకు నలభై దాటి ఉండవు. పొట్టి మనిషి. తెల్ల చీర, పైట నడుముకు బిగించి దోపుకునేవారు. వాకిట్లో గుడ్డ టాపు ఉన్న పాత కారు ఒకటి ఉండేది. దాన్ని ఆవిడే, చెప్పులు విడిచి, ఒట్టికాళ్ళతో నడిపేవారు. సీటు ఎత్తు చాలక కింద దిండు వేసుకునేవారు. ఆవిడ కారు బజారులోకి వస్తే పిల్లలతో పాటు పెద్దవాళ్ళూ అంగళ్ళలోంచి తొంగిచూసేవారు. ఆవిడ మాత్రం కీర్తన ఏదో కూనిరాగం తీస్తూ ముందుకు చూసుకుని పోయేవారు.

వారానికోసారి కొల్లేటి అంచు పల్లెలకు వెళ్ళేవాళ్ళం. ఎండాకాలం ఆ ప్రయాణం ఎంతో బాగుండేది. వానలు పడ్డాయంటే ఆ దారి దారి కాదు. నల్లరేగడి గట్టు. నాలుగు చినుకులు పడితే జిగురై చక్రాలను పట్టుకునేది. నేను చేరిన మొదటి వానాకాలంలోనే అది ఎలాంటిదో తెలిసింది. పురుడు కష్టంగా ఉందని చేపలు పట్టేవాళ్ళ పల్లె నుంచి కబురొస్తే బయల్దేరాం. కారు టైర్లు అరిగి నున్నబడి ఉన్నాయి. గట్టు సగంలో కారు పక్కకు జారి, ఇరుసు దాకా దిగిపోయింది. ఎంత తోసినా చక్రం ఉన్నచోటే తిరిగింది. చివరికి మందుల పెట్టె నెత్తిన పెట్టుకుని నడిచి, గట్టు చివర దోనె ఎక్కాం. మేము చేరేసరికి గుడిసె ముందు ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. గంగమ్మ అనే ఆ పిల్లకు పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. బిడ్డ కూడా దక్కలేదు. ఆమె మొగుడు మా కాళ్ళ మట్టి చూసి, చెంబుతో నీళ్ళు తెచ్చిపెట్టాడు. "దారి బాగోలేదు. మీరేం చేస్తారండీ," అన్నాడు. అతను తిట్టి ఉంటే ఆవిడకు కాస్త తేలికయ్యేదేమో. ఆ కీర్తన మళ్ళీ వినబడటానికి చాలా రోజులు పట్టింది.

మరుసటి ఏడు కాలవలకు నీళ్ళు వదలగానే ఆవిడ నన్ను వెంటబెట్టుకుని పెద్దబజారులో టైర్లు అమ్మే శేషయ్య గారి దగ్గరికి వెళ్ళారు. అంతకుముందు నేనెప్పుడూ టైర్ల వంక చూసి ఎరుగను. శేషయ్య గారు రెండు రకాలు దొర్లించి చూపించారు. ఒకటి వెడల్పుగా, మెత్తగా ఉంది. దాని ఒంటి నిండా పొడుగునా సన్నని గీతలు. ఇంకొకటి కాస్త సన్నం. అడ్డంగా లోతైన పళ్ళున్నాయి.

"గీతల టైరు తీసుకోండమ్మా. జమీందార్లంతా ఇదే వేయిస్తున్నారు. మంచం మీద పడుకున్నట్టు ఉంటుందండీ," అన్నారాయన.

"పడుకోవడానికి కాదండీ, గట్టు ఎక్కడానికి," అని ఆవిడ పళ్ళ టైరు ముందు గొంతుక్కూర్చుని ఆ సందుల్లో వేలు పెట్టి చూశారు. "ఈ పళ్ళ మధ్య బురద పట్టుకుంటే ఎలాగండీ?"

"చక్రం తిరుగుతుంటే అదే రాలిపోతుందండీ. కంపెనీ వాళ్ళు రాశారు."

"కంపెనీ వాళ్ళు కొల్లేరు చూశారా అండీ?"

శేషయ్య గారు నవ్వేశారు. ఆ నవ్వు మీదే ఆవిడ ఆయన్ని ఒప్పించారు. రెండు రకాల్లో ఒక్కొక్కటి ఇస్తే వాడి చూసి, నచ్చనిది కడిగి తెచ్చి ఇస్తామన్నారు. వెనక చక్రాలకు ఒకవైపు పళ్ళది, ఇంకోవైపు గీతలది బిగించి, ఊరి బయట దమ్ముకు తడిపిన ఒక చేను దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ రైతు భార్యకు మా ఆసుపత్రిలోనే పురుడు పోశాం కనుక కాదనలేదు గానీ, చేలోకి కారు దిగుతుంటే అతని మొహం చూడాలి! నన్ను వెనక నిలబడి చక్రాలు చూడమన్నారు. పాదాలు మునిగే బురదలో నిలబడ్డాను. కారు కొంచెం కదిలింది. తర్వాత గీతల చక్రం ఒట్టినే గిర్రున తిరగడం మొదలుపెట్టింది. పళ్ళది మట్టిని కరిచి పట్టుకుని కదలకుండా ఉంది. నేను "అదిగో అదే, అదే!" అని అరుస్తున్నాను. నెత్తి నుంచి పాదాల దాకా బురద. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసి, స్టీరింగు మీద తల ఆనించి పడీపడీ నవ్వారు. గంగమ్మ పోయాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు. రైతు ఎడ్లను కట్టి కారును బయటికి లాగాడు.

మర్నాడు పళ్ళ టైరును ముందుకు మార్పించి, కంకర రోడ్డు మీద నడిపి చూశారు. స్టీరింగు చేతుల్లో వణికిపోయింది. కారు ఒక పక్కకే లాగింది. ఆవిడ పెదవి విరిచారు. శేషయ్య గారి కొట్టు ముందు కారు ఆపి, దిగకుండా నా వైపు తిరిగారు.

"నువ్వేమంటావు సుభద్రా?"

నాకు అర్థం కాలేదు. "నాకేం తెలుసండీ, మీ ఇష్టం," అన్నాను.

"నా ఇష్టం నాకు తెలుసమ్మా. నీది అడుగుతున్నాను. దిగబడితే దిగి తోసేది నువ్వూ నేనూ. ఇద్దరం ఒప్పుకున్నదే కొనాలి."

అని ఊరుకున్నారు. బజారులో బళ్ళు పోతున్నాయి, శేషయ్య గారు గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. ఆవిడ మాత్రం తొందరేమీ లేనట్టు కూర్చున్నారు. నా జీవితంలో నా మాట కోసం ఒక మనిషి అలా కాచుకుని ఉండటం అప్పుడే చూశాను.

"వెనక రెండూ పళ్ళవి, ముందు రెండూ గీతలవి వేయిద్దామండీ. బురదలో తోసేది వెనకవే కదండీ. ముందువి చెప్పిన దారిన పోతే చాలు కదా," అన్నాను.

ఆవిడ, "వణికినా సరే, నేను నాలుగూ పళ్ళవే అనుకున్నాను. నీదే బాగుంది," అన్నారు.

శేషయ్య గారు మాత్రం ఒప్పుకోలేదు. "నాలుగూ ఒక్క రకమే ఉండాలండీ. ఇలా వేస్తే ఊళ్ళో నవ్వుతారు."

"ఆడది కారు నడుపుతోందని ఎప్పుడో నవ్వేశారండీ. ఇంకా ఏం మిగిలి ఉంటుంది?" అని ఆవిడ కారు దిగారు.

ఆ శ్రావణంలో, ముసురు పట్టిన ఒక ఉదయం, తడిసి ముద్దయిన ఒక మనిషి ఆసుపత్రి గుమ్మంలో నిలబడ్డాడు. గంగమ్మ వాళ్ళ పల్లే. పేరు వీరాస్వామి. భార్య పుట్టిల్లు కొల్లేటికి అవతల మండవల్లి వైపు, పురుడు మాత్రం ఈ పల్లెలోనే. పురిటి నొప్పులు మొదలై రెండో రోజట, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసిందట. అతన్ని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాం. గట్టు మొదలయ్యే చోట ఆవిడ కారు ఆపి, కిందికి దిగి టైర్లలో గాలి కొంచెం తగ్గించారు. మళ్ళీ ఎక్కి, "గట్టిగా పట్టుకో," అన్నారు. ఏది పట్టుకోవాలో తెలియక తలుపు పట్టుకున్నాను. పోయిన ఏడు మేము దిగబడిన మలుపు వచ్చింది. కారు ఒక్కసారి అటూ ఇటూ ఊగింది. వెనక చక్రాలు బురదను ఎత్తి పోశాయి. వీరాస్వామి "అమ్మా, అమ్మా," అంటున్నాడు. ఆవిడ వేగం పెంచలేదు, తగ్గించలేదు. ముందు చక్రాలు చెప్పిన దారినే పోయాయి. మలుపు దాటాక చూస్తే ఆవిడ చెంపల మీద నీళ్ళు. గుడ్డ టాపు కారి పడిన వాన అనుకున్నాను. వాన కాదు.

గట్టు చివర దోనె ఎక్కి పల్లె చేరాం. ఆవిడ లోపల చెయ్యి పెట్టి బిడ్డను తిప్పుతుంటే వీరాస్వామి భార్య తల నేను ఒళ్ళో పెట్టుకున్నాను. పేరు నూకాలు. పళ్ళు బిగబట్టి నా మణికట్టు పట్టుకుంది. చాలాసేపటికి ఆడపిల్ల పుట్టింది. మొదట ఏడవలేదు. కరుణమ్మ గారు ఆ పసిదాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టారు, నోట్లో వేలు పెట్టి జిగురు తీశారు, మళ్ళీ తట్టారు. అప్పుడు ఏడ్చింది. గుడిసె బయట నిలబడ్డ వీరాస్వామి లోపలికి రాకుండానే కింద కూలబడి ఏడ్చాడు. ఆవిడ చేతులు కడుక్కుని బయటికొచ్చి, "ఏడవకండి నాయనా, ఇద్దరూ బాగున్నారు. జావ కాచి పెట్టండి," అన్నారు. తర్వాత అవతల మూడు గుడిసెలు దాటి, గంగమ్మ మొగుడి గుమ్మం ముందు కాసేపు నిలబడి వచ్చారు. అతను వేటకు పోయాడట. ఆవిడ ఏం చెప్పాలనుకున్నారో నాకు తెలియదు.

ఆ తర్వాత ఆవిడ నాకు కారు నేర్పారు. ఆసుపత్రి పనిలో కూడా ప్రతిదీ నన్ను అడిగేవారు. నేను చెప్పింది తప్పయితే తప్పని చెప్పేవారు, ఎందుకు తప్పో చెప్పేవారు. కానీ అడగడం మానలేదు. ఇరవై రెండేళ్ళ దాకా మూసుకుని ఉన్న నోరు నాది. ఆవిడ దగ్గరే మాట వచ్చింది. ఆ రెండు మూడేళ్ళు మళ్ళీ వస్తే బాగుండునని ఈ వయసులో కూడా అనిపిస్తుంది.

ఆవిడ అక్కగారు రంగూన్‌లో ఉండేవారు. బావగారు హఠాత్తుగా పోయారని తంతి వచ్చింది. పిల్లలు చిన్నవాళ్ళు. "వెళ్ళి వాళ్ళను తీసుకొచ్చేస్తానమ్మా. వానలు మొదలయ్యేలోపు ఇక్కడుంటాను," అన్నారు. మాఘమాసం. ఆ రోజు పొద్దున ఉంగుటూరులో ఒక బాలింతను చూడాల్సి ఉంది. ప్రయాణం పెట్టుకుని కూడా ఆవిడ అది మానలేదు. అక్కడి నుంచి తాడేపల్లిగూడెం స్టేషనుకు కారు నేనే నడిపాను. రైలెక్కి కాకినాడ, అక్కడి నుంచి ఓడ. కిటికీలోంచి చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకుని, "ఆసుపత్రి నీది," అన్నారు. కళ్ళు తుడుచుకుంటే చూస్తారని తుడుచుకోలేదు.

ఆవిడ రాలేదు. అక్కగారికి జబ్బు చేసింది, పిల్లల చదువులున్నాయి, వచ్చే ఏడు వస్తానని ఉత్తరాలు రాసేవారు. అక్కడ కూడా పురుళ్ళు పోస్తున్నానని రాశారు. తర్వాత యుద్ధం వచ్చింది. రంగూన్ మీద బాంబులు పడ్డాయన్నారు. అడవుల గుండా నడిచి వచ్చిన మనవాళ్ళను ఎందరిని అడిగానో. ఒకరు చూశామన్నారు, ఒకరు లేదన్నారు. ఆసుపత్రి నేను నడిపాను, నా తర్వాత ఇంకొకరు నడిపారు. ఆవిడ ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు.

అయినా ఆవిడ నాకు దూరమైంది యుద్ధంలో కాదు, స్టేషను నుంచి ఏలూరుకు ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వచ్చిన ఆ మధ్యాహ్నమే. అంతదూరం ఒంటరిగా నడపడం నాకు అదే మొదలు. భయం వేయలేదు. ఎండ నెమ్మదిగా ఉంది. ఊళ్ళు దాటాక పొలాల మీదుగా గూడబాతులు వెళ్తున్నాయి. తెల్లగా, పెద్దపెద్దవి, రెక్కలు ఆడించకుండా, వరస తప్పకుండా కొల్లేటి వైపు పోతున్నాయి. అంత పెద్ద గుంపును నేనెప్పుడూ చూడలేదు. పక్కకు తిరిగి, "అటు చూడండీ," అన్నాను. పక్క సీటు ఖాళీ.

కారు రోడ్డు పక్కన ఆపేసి, అవి కనుమరుగయ్యేదాకా చూశాను. ఇన్నేళ్ళలో ఎన్నో చూశాను, మంచివీ చెడ్డవీ. కొత్తది ఏది కంటబడినా ముందు నా మెడ పక్కకే తిరుగుతుంది.