బాపు తెచ్చిన సముద్రపు చేపలు

మా బాపు పనిచేసే షెడ్డు కంచన్‌బాగ్ దారిలో ఉండేది. అక్కడ ఇనుప పళ్లచక్రాలనూ పిన్నులనూ భట్టీలో ముంచి పైపొర గట్టిపరిచేవారు. ఆ భట్టీలో ఎర్రగా కరిగి ఉండేది వంటింటి ఉప్పు కాదు, సైనైడ్ కలిసిన ఉప్పు. సాయంత్రం పురానాపూల్ దగ్గరున్న ఇంటికి రాగానే బాపు వాకిట్లోనే పని బట్టలు విప్పేవాడు. మోచేతుల దాకా సబ్బుతో రుద్దుకుని, గోళ్ల సందులు పుల్లతో గీక్కుని, అప్పుడు గడప దాటేవాడు. అంతవరకూ నన్ను దగ్గరికి రానిచ్చేవాడు కాదు. లోపలికొచ్చాక మాత్రం నేను బాపును వదిలేదాన్ని కాదు. పదేళ్లొచ్చినా ఆయన కలిపి ముద్దలు పెడితేనే తినేదాన్ని.

బాపు ఎన్నడూ సముద్రం చూడలేదు. మా ఇంట్లో ఎవరమూ చూడలేదు. ఎనభైల మొదట్లో అఫ్జల్‌గంజ్ వైపు ఒక పెంపుడు చేపల దుకాణంలో ఆయనకు సముద్రపు చేపలు కనబడ్డాయి. ఎక్కడో ఫిలిప్పీన్స్‌లో పట్టినవి, బొంబాయి మీదుగా ప్లాస్టిక్ సంచుల్లో రైల్లో వచ్చేవి. కొన్నాళ్లు ఊరికే చూసి వచ్చాడు. తర్వాత ఒక ఆదివారం గాజుతొట్టి రిక్షాలో పెట్టుకుని వచ్చేశాడు.

"ఉప్పునీళ్ల చేపలా? మంచినీళ్లకే నల్లా కాడ లొల్లి అయితుంటె," అంది అమ్మ.

నీళ్లకు బాపు అప్పటికే దారి చూసుకున్నాడు. బందరు నుంచి ఉస్మాన్‌గంజ్‌కు సరుకు తెచ్చే లారీ డ్రైవర్ ఒకాయన డబ్బాల్లో సముద్రపు నీళ్లు తెచ్చి ఇచ్చేవాడు. నేను వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నాకు తెలిసిన మొదటి సముద్రం అదే.

మొదట వచ్చినవి రెండు నీలం చేపలు, తెల్లపట్టీల నారింజ చేప ఒకటి. దీపం వేస్తే గది గోడ మీద నీళ్ల వెలుగు ఆడేది. అమ్మ కూడా బియ్యం చేట పట్టుకుని తొట్టి ముందే కూర్చునేది. బాపు ఎండు రొయ్యలు నానబెట్టి, సన్నగా తుంచి వేసేవాడు. చేపలు వేళ్ల దాకా వచ్చి తినేవి.

తింటూనే చిక్కిపోయాయి. పొట్టలు లోపలికి పోయాయి, వీపులు పలచబడ్డాయి. ఒక పొద్దున నారింజ చేప అడుగున పక్కకు ఒరిగి ఉంది. రంగు మాత్రం నిన్నటి లాగే ఉంది. తర్వాత నీలం చేపలూ పోయాయి. బాపు తొట్టి కడిగాడు, నీళ్లు మార్చాడు, కొత్తవి తెచ్చాడు. అవీ తిన్నాయి, అవీ చిక్కాయి, అవీ పోయాయి.

చనిపోయిన చేపను బాపు అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆ తర్వాత చేయి వాసన చూసుకున్నాడు.

"గా భట్టీ విషం నా చేతులల్లనే ఉన్నట్టుంది," అన్నాడు అమ్మతో. "కడిగినా పోతలేదు."

"గట్లయితే మేము బతుకుదుమా?" అంది అమ్మ.

ఆ సాయంత్రం బాపు నా కంచం అమ్మ ముందుకు జరిపాడు. నేనేం తప్పు చేశానో అర్థం కాలేదు. మర్నాటి నుంచి నా తల మీద చెయ్యి వేయడం కూడా మానేశాడు. పొద్దున్నే దూరంగా నిలబడి, "కడుపుల నొస్తుందా బిడ్డా? తల తిరుగుతుందా?" అని అడిగేవాడు. లేదంటే నమ్మేవాడు కాదు. చేపలకు కూడా మేత అమ్మే వేసేది. అయినా అవి చస్తూనే ఉన్నాయి. ఇన్నాళ్లూ తన చేతులు తగిలిన తొట్టి కదా, గాజుకు పట్టిందేమో అన్నాడు బాపు.

చివరికి ఒక్కటే మిగిలింది, ఆకులా పలచగా ఉండే పసుపు చేప. దాన్నయినా బతికించమని దుకాణంలో తిరిగి ఇచ్చేద్దామనుకున్నాడు బాపు. ముందు అడిగి వద్దామని నన్ను వెంట తీసుకుపోయాడు. దుకాణం భాయ్ ముసలాయన. బాపు చెప్పిందంతా విని తల అడ్డంగా ఊపాడు.

"మీ చేతులల్ల ఏం లేదు ఉస్తాద్. నా కాడ గూడ గిట్లనే పోతున్నయి. చేపలు పంపే బొంబాయి సేఠ్‌ను గట్టిగ అడిగితే ఇప్పుడు చెప్పిండు. ఆడ ఫిలిప్పీన్స్‌ల సముద్రంల మునిగి, రాళ్ల సందులల్ల దాక్కున్న చేపల మీద సీసాతోని మందు కొడుతరంట. అవి సోయి తప్పి బేహోష్ అయితె చేతులతోని ఏరుకుంటరు. పైకి మంచిగనే ఉంటయి. లోపల్నే ఖరాబ్ అయి వస్తయి. నేను ఇంక తెప్పిస్తలేను."

"ఏం మందు?" అన్నాడు బాపు.

"సైనైడ్ అంట."

బాపు ఇంకోసారి చెప్పమన్నాడు. భాయ్ చెప్పాడు. ఇక బాపు ముఖం తేలికపడుతుందని నేను ఎదురుచూశాను. ఆయన పక్కనున్న స్టూలు మీద కూర్చుండిపోయాడు.

"మరి గా మునిగెటోళ్ల సంగతేంది భాయ్? వాళ్లకు ఎవరన్న చెప్పిండ్రా?"

భాయ్ టీ తెప్పించాడు గానీ బాపు తాగలేదు.

ఆ సాయంత్రం బాపు నాకు మళ్లీ అన్నం కలిపాడు. ముద్ద చేసి నా నోటి దాకా తెచ్చి ఆగాడు, తన వేళ్లను చూసుకున్నాడు, తర్వాత పెట్టాడు. ప్రతి ముద్దకూ అలాగే ఆగాడు. మరుసటి రోజూ అంతే. కొన్నాళ్లకు, ఇక పెద్దదాన్నయ్యానని, నేనే తింటానని చెప్పాను. అమ్మ నా వంక చూసి కంచం నా ముందు పెట్టింది. బాపు సరేనన్నాడు.

పసుపు చేపను ఇచ్చేయలేదు. అది చచ్చిపోతుందని ఇప్పుడు ముగ్గురికీ తెలుసు. అయినా బాపు షెడ్డు నుంచి రాగానే దానికి రొయ్యలు తుంచి వేసేవాడు. అది ఆత్రంగా వచ్చి తినేది.

"మంచిగ తింటుందే," అనేవాడు అమ్మతో.

"తిననీ," అనేది అమ్మ.

వానలు మొదలయ్యేదాకా తిన్నది. ఆ తర్వాత పైకి రావడం మానేసింది.